బాప్తిస్మపు తొట్టిలో పండుగప్ప

తుమ్మివలస,
14 జూలై 2024

ఒరే శాంతీ,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మనిద్దరికీ ఫోను అచ్చిరాదని పోయిన నెల మళ్ళీ రుజువైంది కదా. నువ్వు "విను అక్కా" అంటావు, నేను "ముందు నువ్వు వినరా" అంటాను, చివరికి మీ బావ వచ్చి ఫోను లాక్కుంటాడు. కాగితం మీదైతే నీ మాట పూర్తయ్యేదాకా నేను అడ్డు రాలేను. నాకది కష్టమే, అయినా ఓర్చుకుంటాను.

విశాఖ నుంచి మీ కంపెనీవాళ్ళు మళ్ళీ వచ్చారు. మన తుమ్మిగెడ్డ డ్యాంలో మీ హేచరీ నుంచి పండుగప్ప పిల్లల్ని తెచ్చి వదులుతారట. అవి పెద్దయ్యాక ఎక్కడెక్కడి నుంచో డబ్బున్నవాళ్ళు గేలాలు పట్టుకుని వస్తారట. చేపను పట్టి, ఎత్తుకుని ఫోటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారట. మన తెప్పలవాళ్ళు వాళ్ళను తిప్పితే మన మత్స్యకారుల సంఘానికి ఏటా ఇంత అని ఇస్తారు. ఇదంతా విని మన నారాయణమ్మ లేచి, "వొదిలీసేదాన్ని పట్టడం ఏటికి బాబూ? ఆకలి తెలీనోల్ల ఆటా ఇది?" అంది. అందరం నవ్వాం. కంపెనీవాళ్ళు కూడా నవ్వి తర్వాతి కాగితం తిప్పారు.

మోకాటి నీళ్ళ కట్టుబాటు గురించి నేను చెప్పాను. డ్యాం కట్టిన నాటి నుంచీ అంచున మోకాటి లోతు దాకా ఆడవాళ్ళదే కదా. తెప్పా వలా లేని ఆడవాళ్ళు అక్కడ ఊతబుట్టలేసి చిన్న చిన్న పరిగె చేపలు పట్టుకుని, ఎండబెట్టి గజపతినగరం సంతలో అమ్ముకుంటారు. మగవాళ్ళు బొచ్చె, శీలావతి లాంటి పెద్ద చేపలకు లోపలికి పోవాలి తప్ప అంచున వల వెయ్యకూడదు. ఆ మాట చెబితే కంపెనీవాళ్ళు తలూపారు. తలూపినంత మాత్రాన విన్నట్టు కాదని నీకూ తెలుసు.

సంఘం ఒప్పుకుంటే నిన్నే మేనేజరుగా ఇక్కడికి వేస్తారని చెప్పారు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. నువ్వు ఈ ఊరు వచ్చేస్తే నాకంటే సంతోషించేవాళ్ళు ఎవరున్నారు? కాని ఈసారి సంఘానికి అధ్యక్షురాలిని నేను. రెండు వైపులా చేతులు సమానంగా లేస్తేనే నా చెయ్యి లెక్కకొస్తుంది. ఊళ్ళో మాటలు వింటుంటే సమానంగానే లేచేలా ఉన్నాయి.

పిల్లను చూడకుండా సంబంధం ఖాయం చేసుకోం కదా. ఆ చేపపిల్లల్ని కొన్ని పంపు. ఏం తింటుందో, ఎలా ఉంటుందో, దాని బుద్ధేమిటో నా కళ్ళతో చూడాలి.

మీ ఆవిడను అడిగానని చెప్పు.

అక్క,
కృపారాణి


కళింగపట్నం దగ్గర, హేచరీ క్వార్టర్సు,
25 జూలై 2024

అక్కా,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నట్టే ఉంది, కాకపోతే మధ్యలో టీ తాగే వీలు దొరికింది.

చేపపిల్లలు పంపుతున్నాను. మా వ్యాను ఆగస్టు మూడున విజయనగరం వస్తుంది, బావను బస్సు కాంప్లెక్సు దగ్గరికి పంపు. ఆక్సిజన్ నింపిన సంచిలో ఉంటాయి. ఉప్పు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వాటిని మంచినీళ్ళకు అలవాటు చేశాను. సంచి వెంటనే విప్పొద్దు, మూతి కట్టి ఉన్నట్టే తొట్టి నీళ్ళలో కాసేపు తేలనియ్యి. సిమెంటు తొట్టి ఏదైనా చూడు. డ్యాంలో మాత్రం ఒక్కటి కూడా వదలకు, నా మీద ఒట్టు. మేత గుళికలు విడిగా పెట్టాను, బతికున్న చిన్న చేపలైతే ఇంకా ఇష్టంగా తింటాయి.

ఈ చేప నాకు ఎందుకింత ఇష్టమో నీకు చెప్పాలి. చీకట్లో టార్చి వేస్తే దీని కళ్ళు ఎర్రగా వెలుగుతాయి. ఏటి నీళ్ళలో ఉంటుంది, సముద్రంలోనూ ఉంటుంది, నది పోయి సముద్రంలో కలిసే చోట రెండింటినీ తన ఇల్లే అనుకుంటుంది. గేలానికి పడితే నీళ్ళ మీదికి ఎగిరి తల విదిలిస్తుంది, ఆ పట్టు కోసమే షోకు వేటగాళ్ళు పడి చస్తారు. ఇప్పుడు పంపేవన్నీ మగవే. తోక అందం కూడా చూడు, గుండ్రంగా విసనకర్రలా ఉంటుంది.

మా కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది. మీ డ్యాం పని వస్తే మన ఊరు, రాకపోతే గుజరాత్‌లో ఇంకో హేచరీ. దీని గురించి నిన్ను ఒత్తిడి చెయ్యను. చెయ్యనని రాయడమే ఒత్తిడి చెయ్యడమని ఝాన్సీ అంటోంది.

ఇంకో మాట కూడా అడగమంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా వదిన మా గుమ్మం తొక్కలేదేమని.

నీ తమ్ముడు,
శాంతికుమార్


తుమ్మివలస,
11 ఆగస్టు 2024

శాంతీ,

మీ చేపలు క్షేమంగా దిగాయి. సిమెంటు తొట్టి అన్నావు. ఈ ఊళ్ళో నీళ్ళు నిలిచే సిమెంటు తొట్టి ఒక్కటే ఉంది, మన చర్చి వెనక బాప్తిస్మాలిచ్చే తొట్టి. పరంజ్యోతి అయ్యగారిని అడిగితే కాసేపు గడ్డం నిమురుకుని, "పేతురు గారూ చేపల మనిసే గదమ్మా. క్రిస్మస్ ముందర బాప్తిస్మాలున్నాయి, అప్పటికి ఖాళీ చేసీండి" అన్నారు. అలా మీ పండుగప్పలు సంఘంలో చేరిపోయాయి.

రోజూ పొద్దున్నే వెళ్ళి మెట్ల మీద కూర్చుంటున్నాను. మీ బావ, "ఇంత బక్తి ఎప్పుడూ సూడనేదు" అంటున్నాడు. గుళికలు వేస్తే తింటున్నాయి గాని మొహమాటానికి తిన్నట్టు తింటున్నాయి. మన ఎలీసమ్మ తన ఊతలో పడిన పరిగెలు నాలుగు తెచ్చి వేసింది. అప్పుడు చూడాలి! ఒక చేప కదలకుండా నీడలో నిలబడి, నిలబడి, టప్పున నోరు తెరిచింది. పరిగె ఈదుకుంటూ పోయి దాని నోట్లోకి తనే దూరినట్టుంది. నాకు ఒళ్ళు జలదరించింది, అయినా ఇంకో పరిగె వెయ్యమన్నాను.

ఇప్పుడు నా కోపం సంగతి. అన్నీ మగవే అని ఎంత చల్లగా రాశావురా! ఆడవాటిని మీ దగ్గర ఉంచుకుని మగవాటినే ఏరి పంపారన్నమాట. ఇక్కడ పిల్లలు పెట్టకుండా ఏటేటా మీ దగ్గరే కొనుక్కోవాలనా? మొక్కజొన్న విత్తనాలతో రైతులను ఆడించినట్టు మమ్మల్నీ ఆడిద్దామనా? సొంత అక్క దగ్గరే ఈ తెలివి చూపించావంటే మిగతా వాళ్ళ గతేమిటి? సంఘంలో ఈ మాట ఇంకా చెప్పలేదు. నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను.

నాకు బస్సెక్కితే వాంతులని ఝాన్సీకి చెప్పు.

కోపంగా ఉన్న
నీ అక్క


హేచరీ క్వార్టర్సు,
22 ఆగస్టు 2024

కోపంగా ఉన్న అక్కకు,

నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపిస్తే ఝాన్సీ నవ్వి నవ్వి కూలబడింది. తొట్టి సంగతి చెప్పగానే, "బాప్తిస్మం తీసుకున్న చేపలను మీ వాళ్ళు కూరొండుకోవచ్చా?" అని అడిగింది. నాకు తెలీదన్నాను. అయ్యగారిని అడిగి రాయి.

నేను ఏ మాయా చెయ్యలేదు. పండుగప్పలన్నీ పుట్టి పెరిగేటప్పుడు మగవే. మూడు నాలుగేళ్ళు మగవిగా తిరిగి, బాగా పెద్దయ్యాక చాలావరకు ఆడవిగా మారతాయి. అదే చేప, అదే ఒళ్ళు. ముందు తండ్రి, తర్వాత తల్లి. మా హేచరీలో గుడ్లు పెట్టే పెద్ద తల్లిచేప ఒకటుంది, దాన్ని అందరం అమ్మగారు అంటాం. ఒకప్పుడు అదీ నీ తొట్టిలో వాటిలాంటి కుర్రాడే.

పిల్లలు పెట్టవన్న మాట నిజమే, దానికి కారణం మేము కాదు. గుడ్లు పెట్టాలంటే దానికి ఉప్పునీళ్ళు కావాలి, ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా పోవాలి. డ్యాంలో వదిలినవి అక్కడే పెరుగుతాయి, అక్కడే ముసలివవుతాయి, గోడ దాటి కిందికి పోలేవు. అందుకే ఏటా కొత్త పిల్లలు పొయ్యాలి. కంపెనీవాళ్ళు ఇది మీకు చెప్పలేదంటే నాకూ ఆశ్చర్యంగానే ఉంది.

చెవిలో పువ్వు పెడుతున్నాను అనుకుంటావేమో. ప్రమాణం చేసి చెబుతున్నాను.

శాంతి


తుమ్మివలస,
15 సెప్టెంబరు 2024

శాంతీ,

మగది ఆడదవుతుందన్న సంగతి సంఘంలో చెప్పాను. నన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నందుకు వాళ్ళంతా పునరాలోచనలో పడ్డారు. మీ బావ మాత్రం రెండు రోజులు ఏదో ఆలోచించి, "అయితే ఇంటి పనంతా తెలిసినాకే తల్లవుతాదన్నమాట. మంచి పద్దతే" అన్నాడు. కూర సంగతి అడిగితే అయ్యగారు నవ్వారంతే.

నీ మీద కోపం పోయింది. ఇప్పుడు ఇంకో చిక్కొచ్చింది. తొట్టిలో చేపలు తగ్గిపోతున్నాయి. నెల మొదట్లో చూస్తే కొన్ని కనబడలేదు. నీడలో దాక్కున్నాయేమో అనుకున్నాను. తర్వాత ఇంకొన్ని లేవు. చచ్చి తేలిన జాడ లేదు, పొలుసు ముక్క లేదు. తొట్టికి గట్టి మూత ఉంది, పిల్లి దూరే సందు లేదు. చర్చి గేటు తాళం రెండు చోట్లే ఉంటుంది, అయ్యగారి దగ్గర ఒకటి, రోజూ ఊడ్చే ఎలీసమ్మ దగ్గర ఒకటి.

నోరూరుకోక అడిగేశాను. "ఏటే ఎలీసమ్మా, చేపలేవి?" అన్నాను. నేను అడిగిన తీరులోనే ఏదో తేడా ఉండి ఉంటుంది. అది చీపురు కింద పెట్టి, "నాను తినీసినానని గదా అక్కా నీ మాట? రోజూ నా ఊతలోయి తెచ్చి ఈటికి ఏసిందాన్ని, ఈటిని తింటానేటి?" అంది. తాళం చెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆదివారం గుడికి రాలేదు, స్త్రీల కూటానికీ రాలేదు. మోకాటి నీళ్ళలో కనబడితే ఇటు తిరగకుండా ఊత వేస్తూనే ఉంది.

మనసు పాడైపోయింది. నేను తప్పు చేశానో లేదో కూడా తెలీడం లేదు. చేపలు మాత్రం తగ్గాయి కదా?

అక్క


హేచరీ క్వార్టర్సు,
24 సెప్టెంబరు 2024

అక్కా,

ఈ ఉత్తరం అందగానే చెప్పులేసుకుని ఎలీసమ్మ ఇంటికి వెళ్ళు. మిగతాది వచ్చాక చదువుకోవచ్చు.

అవి ఒకదాన్నొకటి తింటాయి. కొంచెం పెద్దది కొంచెం చిన్నదాన్ని మింగేస్తుంది. ఇక్కడ మాకు పొద్దస్తమానం అదే పని, సైజు ప్రకారం వేరుచేసి వేరే తొట్లలో వెయ్యడం. చేతులకు అలవాటైపోయిన పని కావడంతో నీకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు. నువ్వు నీ పిల్లలకు ఊపిరి పీల్చమని చెప్పనట్టే నేనూ చెప్పలేదు. ఎలీసమ్మను నా తరఫున కూడా క్షమాపణ అడుగు. చిన్నప్పుడు నాకు ఈత నేర్పిన మనిషి.

ఇప్పుడు ఒకటో రెండో మిగిలి ఉంటాయి. మిగిలింది బలమైనది.

శాంతి


తుమ్మివలస,
20 అక్టోబరు 2024

శాంతీ,

నీ ఉత్తరం మొదటి రెండు వాక్యాలు చదివి చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. ఎలీసమ్మ అరుగు మీద పరిగెలు ఎండేస్తోంది. నేను నిలబడే ఉన్నాను, అది కూర్చోమనలేదు. నీ ఉత్తరం చదివి వినిపించాను. చివరిదాకా విని, "అంటే అన్నదమ్ముల్నే తినీసినాదా?" అంది. అవునన్నాను. "నువ్వు నన్ను అనుమానించినదానికీ దానికీ పెద్ద తేడా నేదులే" అంది. నేను ఏడ్చాను. అప్పుడు కూర్చోమంది. వెళ్ళేటప్పుడు తాళం చెవి అడిగి తీసుకుంది.

మరునాటి నుంచి ఇద్దరం కలిసి తొట్టి దగ్గర కూర్చుంటున్నాం. ఒక్కటే మిగిలింది. జానెడు దాటింది, వెండి పూత పూసినట్టు మెరుస్తోంది. అందగాడు. ఆ అందం చూస్తే నాకు ఒక్కోసారి కావాలనేవాళ్ళ వైపు చెయ్యెత్తేద్దామనిపిస్తుంది, నిజం చెబుతున్నాను. డ్యాం నిండా ఇలాంటివి ఎగురుతుంటే చూడాలని ఎవరికుండదు?

పోయిన వారం ఎలీసమ్మకు ఒక ఆలోచన వచ్చింది. పొద్దుట తన ఊతలో పడినదంతా అమ్మకుండా తెచ్చి తొట్టిలో పోసింది. "సూద్దుం అక్కా, ఎంత తింటాదో" అంది. మూడో రోజుకు తొట్టిలో మళ్ళీ అదొక్కటే ఉంది. ఎలీసమ్మ ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. తర్వాత ఒకటే అడిగింది. "ఇది డ్యాంలో పడితే లోపల నీల్లలో ఉంటాదా, మా అంచుకొస్తాదా?"

కంపెనీవాళ్ళను అడిగితే లోతులో ఉంటుందన్నారు, నాకు నమ్మకం కుదరలేదు. అందుకే నిన్ను అడుగుతున్నాను. డ్యాంలో వీటిని ఏటేటా పోస్తే మోకాటి నీళ్ళలో పరిగెలు మిగులుతాయా, మిగలవా? మేనేజరు కాబోయేవాడిలా కాదు, నా తమ్ముడిలా చెప్పు.

జనవరి అయిదున సభ.

అక్క


హేచరీ క్వార్టర్సు,
18 నవంబరు 2024

అక్కా,

ఆలస్యమైంది. రెండు ఉత్తరాలు రాసి చించేశాను. రెండిట్లోనూ అబద్ధం లేదు, అలాగని నువ్వు అడిగినదానికి జవాబూ లేదు.

మూడోది రాసేముందు ఏటి మొగ దగ్గర వలవాళ్ళు పట్టిన పండుగప్పలు కొన్ని కొన్నాను. ఝాన్సీ కత్తిపీట ముందేసుకుని కోసింది, నేను కడుపులు విప్పి చూశాను. ఝాన్సీ ఈ ఊరి పిల్ల, పుట్టినప్పటి నుంచి ఈ చేపను కోస్తోంది. కడుపులో ఏముందన్నది మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదట. ఈసారి ఇద్దరం ముక్కు మూసుకుని కూర్చుని చూశాం. చిన్న రొయ్యలు, వేలెడు చేపలు, మళ్ళీ చిన్న చేపలు. అన్నీ గట్టు వార గడ్డిలో తిరిగేవే. ఝాన్సీ, "ఇది కూడా మీ ఎలీసమ్మ లాగే అంచు నీల్లలో ఏటకొస్తాదన్నమాట" అంది.

అక్కా, అంచుకు వస్తుంది. చీకటి పడ్డాక మేతకు అంచుకే వస్తుంది. పగలు పట్టేవాళ్ళకు లోతులో కనబడుతుంది కాబట్టి కంపెనీవాళ్ళు చెప్పింది సగం నిజం. పరిగెలు ఒక్కటి కూడా లేకుండా పోతాయని చెప్పను, చేప ఏదీ అలా నాశనం కాదు. కాని ఊతేస్తే బుట్ట నిండేటన్ని మాత్రం ఉండవు. ఏటేటా కొత్త పిల్లలు పోస్తూ ఉంటే రెండు మూడేళ్ళలోనే ఆ తేడా తెలుస్తుంది. కొర్రమీను కూడా పరిగెలు తింటుంది కదా అని నువ్వు అడుగుతావు. కొర్రమీనును ఎవరూ సంచులకు సంచులు తెచ్చి పొయ్యరు.

దీన్ని సభలో చదవొద్దు. చదివితే మార్చి దాకా కూడా నన్ను ఉంచరు. నువ్వు తెలుసుకోవాలని రాశాను. రాశాక మనసు తేలికవుతుందనుకున్నాను, కాలేదు. ఆ ఊళ్ళో ఉండాలని నాకు ఎంత ఉందో నీకు తెలుసు.

తమ్ముడు


తుమ్మివలస,
23 డిసెంబరు 2024

శాంతీ,

నీ ఉత్తరం బైబిలులో పెట్టుకున్నాను. ఇప్పుడు దాని గురించి రాయను. నిన్న జరిగిన సంగతి రాస్తాను, నువ్వు నవ్వాలి.

బాప్తిస్మాల ఆదివారానికి తొట్టి ఖాళీ చెయ్యాలి కదా. మీ బావ చేపను పట్టి డ్రమ్ములో వెయ్యబోతే అది మూలల్లోకి దూరి చిక్కలేదు. పొద్దున్న మళ్ళీ ప్రయత్నించాడు, తడిసి ముద్దయ్యాడు గాని చేప దొరకలేదు. అప్పటికే జనం వచ్చేశారు, పాట ఎత్తుకున్నారు. అయ్యగారు తొట్టిలోకి చూసి, "అదొక పక్క ఉంటాది, మనమొక పక్క ఉందుం" అన్నారు.

మొదటివాళ్ళు బాగానే మునిగి లేచారు. తర్వాత నీలవేణి దిగింది, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. అయ్యగారు చెయ్యెత్తి, "తండ్రి యొక్కయు కుమారుని యొక్కయు" అనేసరికి నీలవేణి కెవ్వుమని అరిచి తనంతట తనే మునిగిపోయింది. "కాల్ల సందు నుంచి ఏటో ఎల్లిపోనాదండీ!" అంది లేచి. ఇక పెద్ద చర్చ. అయ్యగారు ముంచలేదు, తనే మునిగింది, మాట పూర్తి కాలేదు, ఇది బాప్తిస్మమా కాదా అని. పెద్దలు తలో మాటా అన్నారు. చివరికి అయ్యగారు నవ్వుతూ మళ్ళీ ముంచారు. నీలవేణి ఈసారి కళ్ళు గట్టిగా మూసుకుని నా చెయ్యి కూడా పట్టుకుంది.

సాయంత్రం ఎలీసమ్మ తొట్టిలోకి దిగి చీరకొంగుతో ఒక్కసారికే దాన్ని పట్టేసింది. ఇప్పుడు డ్రమ్ములో ఉంది.

సభకు ఇంక రెండు వారాలు కూడా లేవు.

అక్క


హేచరీ క్వార్టర్సు,
30 డిసెంబరు 2024

అక్కా,

నవ్వాను. ఝాన్సీ నవ్వలేదు. నేను ఆలస్యంగా చెప్పిన తప్పుకు ఇప్పుడు అనుభవిస్తున్నాను.

మీ ఊరు వచ్చేస్తామని ఝాన్సీ దీపావళి నుంచే సామాను సర్దుతోంది. గిన్నెలు కాగితాల్లో చుట్టి అట్టపెట్టెల్లో పెట్టింది. కడుపులు కోసి చూసిన రోజున కూడా, ఆ ఉత్తరంలో నేను ఏం రాశానో ఆమెకు చదివి వినిపించలేదు. నిన్న చెప్పాను. అంతా విని, "మీ అక్కకు నాను ఆ ఊరు రావడం ఇష్టం నేదు. అందుకే సేపను సాకు సూపిస్తంది. ఇన్నేల్లలో ఒక్కసారి రానేదు, వాంతులంట, వాంతులు" అంది. నేను ఎంత చెప్పినా నమ్మడం లేదు. సర్దిన పెట్టెలు గోడవార అలాగే ఉన్నాయి, ఆమె విప్పదు, నన్ను విప్పనివ్వదు.

నువ్వు ఏం చెయ్యాలో చెప్పను. సభ అయ్యాక కబురు మాత్రం నీ నోటితోనే రావాలి, కంపెనీవాళ్ళ నుంచి కాదు.

శాంతి


తుమ్మివలస,
6 జనవరి 2025

ఒరే నాయనా,

నిన్న సభ అయింది. చర్చి అరుగు మీదే పెట్టాను. అందరూ చూడాలని డ్రమ్ము కూడా అక్కడే ఉంచాను. చూస్తే బుద్ధి మారుతుందనుకున్నాను, మారింది గాని నేననుకున్నట్టు కాదు. వద్దన్న వాళ్ళలో ఇద్దరు దాన్ని చూసి, "ఇంత అందగాడా! ఉండనీ మన డ్యాంలో" అని అటు వెళ్ళారు. కావాలన్న ఇద్దరు అది పరిగెను మింగడం చూసి ఇటు వచ్చారు. ఎంత కదిపినా త్రాసు అలాగే ఉంది. చేతులు సమానంగా లేచాయి, అందరూ నా వైపు తిరిగారు.

నీ ఉత్తరం చదవలేదు. నీ పేరు ఎత్తలేదు. ఎలీసమ్మ అరుగు చివర కూర్చుంది, నా మొహం వైపు చూడలేదు, నన్ను ఇబ్బంది పెట్టకూడదని కావాలనే చూడలేదు. వద్దు అనేవాళ్ళ వైపు చెయ్యెత్తాను. ఎత్తింది నా చెయ్యే అయినా ఓటు నీదిరా. నువ్వు ఆ నిజం రాయకపోతే నేను తప్పకుండా కావాలనేవాళ్ళ వైపే ఎత్తేదాన్ని. నువ్వు వస్తావన్న ఆశతో కళ్ళు మూసుకుని ఎత్తేదాన్ని. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. మీ బావ కాసేపు బయట నిలబడి, తర్వాత తనే అన్నం వండాడు. మాడిపోయింది. ఇద్దరం తిన్నాం.

ఎలీసమ్మకు ఒక్కదానికి నీ ఉత్తరం సంగతి చెప్పాను. ఈ పొద్దు తెల్లారేసరికి ఎండు పరిగెల మూట తెచ్చి గడప మీద పెట్టింది. "గుజరాత్‌లో ఇయ్యి దొరకవు. ఆడు నాకోసం ఇల్లు వొదులుకున్నాడు" అంది.

ఇప్పుడు ఝాన్సీకి నా మాటలుగా చదివి వినిపించు. అమ్మాయీ, నువ్వు ఈ ఊరు రావాలని నాకెంత ఉందో చెబితే నమ్మవు. వాంతులు నిజమే, కానీ ఇన్నేళ్ళూ వాటి వెనక దాక్కున్నానన్నదీ నిజమే. కొత్త ఇంట్లో నాకు ఏ మర్యాద చేస్తావో, నేను నీకు ఏం వంక పెడతానో అని భయపడ్డాను. ఆ పెట్టెలు విప్పకు. పద్దెనిమిదో తేదీ శనివారం నేను వస్తున్నాను, గుజరాత్‌కు పనికొచ్చేవి ఏవో, ఇక్కడ నా దగ్గర ఉంచాల్సినవి ఏవో ఇద్దరం కలిసి వేరు చేద్దాం. చేపలను సైజుల ప్రకారం వేరు చేసినంత జాగ్రత్తగా చేద్దాం.

శాంతీ, గజపతినగరంలో రైలెక్కి, విజయనగరంలో మారి, ఆమదాలవలసలో దిగుతాను. నీళ్ళ డ్రమ్ముతో దిగే ఆడమనిషి నేనొక్కదాన్నే ఉంటాను. డ్రమ్ము పట్టుకోవడానికి మీ బావ వస్తున్నాడు, ఎలీసమ్మ కూడా వస్తానంది, సముద్రం ఎప్పుడూ చూడలేదట. అక్కడి నుంచి ఆటోలో వాంతులైతే అవనీ.

మన చేపను ఏటి మొగ దగ్గర వదులుదాం. ఉప్పు ఎంత, ఎలా అలవాటు చెయ్యాలి అన్నది నువ్వు చూసుకో. అన్నదమ్ములను తిన్నా, చర్చిని అల్లరి చేసినా, దాన్ని డ్రమ్ములో ముసలిదాన్ని చెయ్యడానికి మాకెవరికీ మనసొప్పలేదు. అక్కడైతే ఎప్పుడో ఒకప్పుడు తల్లవుతుంది కదా, నువ్వే రాశావు.

ఎలీసమ్మ ఒక మాట అడగమంది. అది తల్లయినాక మన తొట్టి దానికి గుర్తుంటాదా అని. నాకు తెలీదన్నాను. నీకు తెలిస్తే ఉత్తరం రాయకు, నేను వచ్చాక ఎదురుగా చెప్పు. అరుచుకున్నా ఫరవాలేదు.

వస్తున్న
మీ అక్క